పద్నాలుగూ ఆరూ

పోయిన వేసవి సెలవులకు ముందు, నేను లెక్కలు చెప్పే నల్గొండ బడికి హైదరాబాదు నుంచి ఒక యువతి వచ్చింది. ఏడో తరగతిలో ఒక పిల్లవాడున్నాడు. నోటితో అడిగితే పై తరగతుల లెక్కలు చెబుతాడు, కాగితం మీద చేయమంటే రెండంకెల కూడిక కూడా తప్పుతాడు. తల్లిదండ్రులు ఇద్దరూ ఉద్యోగస్తులు. వాడి తెలివిని కొలిపించాలని ఆమెను పిలిపించుకున్నారు. ఉపాధ్యాయుల గది పక్కనున్న చిన్న గదిని నేనే ఖాళీ చేయించి ఇచ్చాను. ఆమె సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద బోర్లించింది. లోపల రంగులు వేసిన చెక్క ఘనాలు. కొన్ని ముఖాలు పూర్తిగా ఎరుపు, కొన్ని పూర్తిగా తెలుపు, కొన్ని మూల నుంచి మూలకు సగం ఎరుపు సగం తెలుపు. అవి బల్ల మీద పడిన చప్పుడుకు నేను గదిలో నిలవలేక వరండాలోకి వచ్చాను. ఆ చప్పుడు అంతకు ముందు ఒక్కచోటే విన్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు, నా తమ్ముడు బీరయ్యకు తొమ్మిది.

డైరీ రాసే అలవాటు నాకు నల్గొండ హాస్టలులో చేరిన తరువాత వచ్చింది. అప్పటి నుంచి ఏ రోజు ఏం జరిగిందో, ఏ రోజు వాన పడిందో నా దగ్గర ఉంది. బీరయ్య పరీక్ష అంతకు ముందటిది. కనుక దానికి తేదీ లేదు. లేని తేదీని వేయడం నా వల్ల కాదు. మా ఊరి జనం నాగార్జునసాగర్ ఆనకట్ట మట్టిపనికి పోతున్న రోజులనీ, దుకాణాల్లో సేర్లు పోయి కిలోలు వచ్చిన కొత్త అనీ, చేలల్లో పెసరకాయ ఏరుతున్న కాలమనీ మాత్రం చెప్పగలను. మిగిలినదంతా జ్ఞాపకం. జ్ఞాపకాన్ని నేను లెక్కంత నమ్మను గాని, ఈ విషయంలో దానితో పోల్చి చూడడానికి ఇంకేమీ లేదు.

మాది చిట్యాలలో బస్సు దిగి ఎర్రనేలల గుండా దక్షిణంగా నడిచి చేరవలసిన ఊరు. మేము కురుమలం, గొర్లు మా బతుకు. ఇల్లూ గొర్ల దొడ్డీ ఒకే గోడను పంచుకునేవి. అందువల్ల మా ఇంటికి సొంత వాసన ఉండేది కాదు. ఎండాకాలంలో పెంట వాసన, వానాకాలంలో తడిసిన ఉన్ని వాసన. దానికి తోడు చింతగింజల గంజి. గొంగడి నేశాక బిగువు కోసం ఆ గంజి పట్టించి ఆరవేస్తారు. ఇప్పటికీ ఎక్కడైనా చింతగింజలు ఉడికే వాసన తగిలితే నాకు ఆకలి చచ్చిపోతుంది. అవ్వ, అంటే మేము బాపు అని పిలిచే మా నాన్నకు తల్లి, తెల్లవారకముందే దవడన పొగాకు పెట్టుకుని ఉన్ని నూలు వడకడానికి కూర్చునేది. ఆమె కదురును ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. నూలు విషయంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆమెకు పేరుండేది. ఎవరైనా కొత్త గొంగడికి కొలత ఇవ్వడానికి వస్తే ఒకే మాట చెప్పేది: "కొత్త నూలు నీళ్లు తాగితే గుంజుకుంటది. జానెడు ఎక్కువే వెట్టుకోర్రి." ఆమె నోట నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఇదే.

బీరయ్యది ఎడమచేతి వాటం. పాకే రోజుల్లోనే అమ్మకు తెలుసట, ఎవరికీ చెప్పలేదట. మా కులదైవం బీరప్ప పండుగనాడు ఇంటి మగపిల్లవాడు బండారి, అంటే దేవుడి పసుపు, కుడిచేతితో తీసి పెద్దల నొసట పెట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. వాడికి ఆ వయసు వచ్చిన మొదటి పండుగలో అందరూ చూస్తుండగా ఎడమచేతిని పళ్లెంలో ముంచాడు. చుట్టాలలో ఒకామె నవ్వింది. "ఏందత్తా, నీ మనుమడు దేవుని ముంగటనే పుర్రచెయ్యి చాపుతాండు. రేపు పెండ్లిల పుస్తె గూడ గిట్లనే కడ్తడా ఏంది?" అవ్వ నవ్వలేదు. వాడి చేతిని గాలిలోనే పట్టుకుని, పసుపు పోయేదాకా తన కొంగుతో తుడిచింది. మరునాడు నల్ల ఉన్నితో వేలెడు లావు తాడు పేని, వాడి ఎడమ మణికట్టును మొలతాడుకు కట్టింది. తినేటప్పుడు, బడిలో పలక పట్టినప్పుడు కట్టు ఉండాలి. గొర్రెపిల్లలను మేపడానికి పోయేటప్పుడు విప్పుతారు. అందులో ఎవరికీ కోపం గాని కసి గాని లేవు. బాపు పద్ధతి కూడా అదే. "గొర్రె కంచె దుంకుతాందనుకో, ముందరి కాలు మెడకు కడ్తం. నాలుగొద్దులు కుంటుతది, ఆనక తొవ్వకొస్తది. వీడూ గంతే," అనేవాడు.

కాని వాడు తొవ్వకు రాలేదు. కుడిచేతితో రాసిన అక్షరాలు పలక మీద వణికేవి. సగం అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండేవి. మూడో తరగతిలో రెండోసారి కూర్చున్నాడు. మా బడి ప్రధానోపాధ్యాయుణ్ణి ఊరంతా పెద్దసారు అనేవారు. చెడ్డవాడు కాదు, తన చేతికింద పిల్లలు ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ ఏడు కూడా తప్పితే పేరు తీసేస్తానని బాపుకు కబురు పెట్టాడు. బాపుకు ఒకటే ఆశ: మా వంశంలో ఒక్కడన్నా గొర్ల వెనక కాక సర్కారు కచేరీలో కుర్చీ మీద కూర్చోవాలి. ఆ ఒక్కడు బీరయ్యే కావాలి, మగపిల్లవాడు కనుక. పేరు తీసేస్తే వచ్చే ఎండాకాలం మంద కృష్ణ ఒడ్డుకు మేతకు కదిలినప్పుడు వాడూ కదలవలసిందే. ఒకసారి మంద వెంట పోయిన పిల్లవాడు మళ్లీ పలక పట్టడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

వాడు మొద్దు కాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ తెలిసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కిలోలు వచ్చాక సేర్ల లెక్క మార్చలేక పెద్దవాళ్లు తికమక పడుతుంటే, వాడు దొడ్డి గోడ మీద కూర్చుని కాళ్లూపుతూ చెప్పేవాడు. ఒకసారి విన్న కథను మాట పోకుండా తిరిగి చెప్పేవాడు. "రోలంత తలకాయ ఉన్నది గాని అన్ని అండ్లనే వెట్టుకుంటడు," అనేది అమ్మ, ముద్దుగా.

అట్లాంటి రోజుల్లో హైదరాబాదు ట్రైనింగు కాలేజీ నుంచి ఒక మేడం వచ్చింది. కోస్తా వైపు మనిషి, తెల్ల చీర, చేతికి మగవాళ్ల గడియారం. పల్లెటూరి పిల్లల తెలివిని కొలిచి చూడడం ఆమె చదువులో భాగమట. పెద్దసారు ఒక్కొక్కరినీ చూపిస్తూ, బీరయ్య దగ్గర ఆగి, "మొద్దులకు నమూనా గావాల్నంటే వీన్ని తీస్కోండి మేడం," అన్నాడు. మామూలు పిల్లలకు నమూనాగా నన్ను చూపించాడు. ఆ సాయంత్రం బావి దగ్గర నాకు దెప్పిపొడుపులు తప్పలేదు. "ఏమే లచ్చిమీ, మీ తమ్ముని చూసుకునేటందుకు పట్నం నుంచి వచ్చిన్రట గదా. కట్నం మాట్లాడిన్రా?"

బీరయ్య బెదరకుండా ఉండడానికి పరీక్ష గదిలో నన్ను ఒక మూలన కూర్చోబెట్టారు. మొదట నోటి ప్రశ్నలు. "నిప్పుకూ నీళ్లకూ ఏమిటి పోలిక, బాబూ?" అని మేడం అడిగింది. వాడు కాసేపు కిటికీ వైపు చూసి, "రెంటినీ మట్టి వోసి ఆపొచ్చు," అన్నాడు. ఆమె తన పుస్తకంలో పేజీలు తిప్పింది, ఆ జవాబు అందులో ఉన్నట్టు లేదు. పుస్తకం మూసి ఏదో రాసుకుంది. అంకెలు వరుసగా చెప్పి వెనక నుంచి చెప్పమంటే చెప్పాడు. కిలోల లెక్క అడిగితే సేర్లలోకి మార్చి, లెక్క కట్టి, తిరిగి మార్చి, "మీ కిలోలల్ల అయితే గింత," అన్నాడు. ఆమె మొదటిసారి నవ్వింది.

తరువాత ఘనాల పెట్టె బోర్లించింది. రెండు చేతులూ కావలసిన పని అది. అప్పుడే ఆమె తాడును చూసింది.

"ఇదేమిటి? ఎవరు కట్టారు?"

"మా అవ్వ."

"ఎందుకు?"

"గది మంచి చెయ్యి గాదట."

ఆమె వంగి ముడి విప్పింది. ఎడమ చెయ్యి ఒక క్షణం ఎక్కడికి పోవాలో తెలియనట్టు గాలిలో ఆగి, ఆ తరువాత ఘనాల మీద వాలింది. కార్డు మీద బొమ్మ చూపిస్తే అట్లాగే పేర్చాలి. వాడు నాలుక కొస బయట పెట్టుకుని పేరుస్తుంటే నాకు అవ్వ నూలు వడకడం గుర్తుకు వచ్చింది. అవే వేళ్లు, అదే తొందరలేని వేగం. పదహారు ఘనాలతో కట్టవలసిన చివరి బొమ్మ పూర్తయి, వాడు చేతులు వెనక్కి తీసుకున్న తరువాత కూడా ఆమె గడియారంలో సమయం చూసుకోవడం మరిచిపోయి చూస్తూనే ఉంది.

ఆఖరిది పెన్సిలు పని. అంకెల కింద చిన్న చిన్న గుర్తులు వరుసగా వేయాలి, గడియారం నడుస్తుంటుంది. "ఏ చేత్తోనైనా వేయి, నీ ఇష్టం," అంది మేడం. వాడు ఎడమచేతిలో ఉన్న పెన్సిలును కుడిచేతిలోకి మార్చాడు. నా వైపు తిరిగి, "అక్కా, కట్టు," అన్నాడు. మేడం వద్దంది. వాడు కాస్త ఆలోచించి, ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. మొదటి వరుస సగం కాకముందే సమయం అయిపోయింది. మరునాడు ఆమె మళ్లీ పిలిపించి, బతిమాలి, ఎడమచేతితోనే వేయించింది. అదీ దారి తప్పింది. ఆ చేతికి పెన్సిలు ఎవరూ నేర్పలేదు కదా. నేర్పి ఉంటే వచ్చేదా, అక్షరాలు తిరగబడే జబ్బు తాడుకు సంబంధం లేకుండా వాడిలో ముందే ఉందా అన్నది ఆమె చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేను. ఇన్నేళ్లలో ఈ ప్రశ్నను ఎన్నోసార్లు వేసుకున్నాను. రెండు జవాబులకూ సమానమైన ఆధారం ఉంది.

ఫలితం చెప్పడానికి బాపును బడికి పిలిపించారు. భుజాన గొంగడితో వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మేడం ఓపికగా చెప్పింది. "మీ అబ్బాయికి తొమ్మిదేళ్లు. అడిగితే చెప్పేవాటిలో, చెక్కలు పేర్చడంలో పద్నాలుగేళ్ల పిల్లవాడితో సమానం. పెన్సిలుతో చేసేవాటిలో ఆరేళ్ల వాడితో సమానం. ఇంత తేడా నేనింతవరకు చూడలేదండీ."

పెద్దసారు వెంటనే లెక్క కట్టాడు. "పద్నాలుగూ ఆరూ ఇరవై. సగం జేస్తే పది. తొమ్మిదేండ్లోనికి పది. అంటే మామూలే గదా మేడం."

"కలపకూడదండీ. రెండూ నిజమే. దేనికదే."

"నా రిజిష్టర్ల పోరగానికి ఒక్కటే గడి ఉన్నది మేడం. అండ్ల రెండు పట్టయి."

అప్పటిదాకా నేల చూస్తున్న బాపు తలెత్తాడు. "అమ్మా, ఒక్క మాట అడుగుత. గా పద్నాలుగేండ్ల తెలివి వీని తలకాయల ఉన్నదా, లేదా?"

"ఉంది."

"ఉన్న తెలివి ఏడికన్న పోతదా?"

"ఎక్కడికీ పోదండీ. కానీ—"

"గంతే సాలు తల్లీ," అని బాపు రెండు చేతులూ జోడించాడు.

నా గురించి కూడా ఒక మాట చెప్పింది. నాకు పన్నెండేళ్లు, అన్నిటిలోనూ పన్నెండే. "మీ అమ్మాయి సమంగా ఉంది," అంది. అంతకు మించి చెప్పడానికి నాలో ఏమీ లేకపోయింది. వెళ్లే ముందు, ఆ చెయ్యి ఇక కట్టవద్దని బాపుకు మరీ మరీ చెప్పింది. బీరయ్య పరీక్షలను నోటితో చెప్పించుకునేందుకు పై అధికారులతో మాట్లాడి వస్తానంది. ఇంటికి వచ్చి ఆ మాట అవ్వకు చెబితే, "వాళ్లింట్ల ఏ చేత్తోటి తింటరో, ఏ చేత్తోటి కడుగుతరో ఎవలకెరుక," అని కదురు తిప్పుకుంది.

ఆ సాయంత్రం బాపు అంత సంతోషంగా ఉండడం నేను మళ్లీ చూడలేదు. బీరయ్యను పక్కన కూర్చోబెట్టుకుని తన జొన్న గట్కలోంచి ముద్దలు తీసి పెట్టాడు. వచ్చినవాళ్లకూ పోయినవాళ్లకూ చెప్పాడు, తన కొడుకు తల కొలిస్తే పద్నాలుగేళ్ల తెలివి దొరికిందని. ఆరు సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, దానికి అర్థం ఆయనకు అందలేదు. కొన్నాళ్లు గడిచాయి. బీరయ్య అక్షరాలు మునుపటిలాగే వణికాయి. అప్పుడు బాపు తనకు తెలిసిన పద్ధతిలో ఆలోచించుకుంటూ పోయి, ఒక చోటికి చేరాడు. తలలో లేకపోతే చెయ్యి చేయదు, అది సరే. తలలో ఉందని పట్నం మనిషి కొలిచి చెప్పింది. ఉండి కూడా చేయడం లేదంటే అది పొగరు.

పరీక్షకు ముందు మా ఇంట్లో వాణ్ణి, మొద్దు కాడని తెలిసినా, మొద్దును చూసినట్టు జాలిగా చూసేవారు. పరీక్ష తరువాత వాడు పనిదొంగ అయ్యాడు. రోజూ పొద్దుగూకే వేళ బాపు వాణ్ణి గడప ముందు కూర్చోబెట్టి పలక ఇచ్చేవాడు. అక్షరాలు రాని బాపు, నన్ను ఒక వరుస రాయమని, వాడు రాసినదాన్ని దాని పక్కన పెట్టి, రెండు నూలుపోగులను పోల్చినట్టు పోల్చి చూసేవాడు. తేడా ఉంటే దెబ్బ. వేళ్లు లాగుతున్నాయంటే నమ్మడు, కండ్లు తిరుగుతున్నాయంటే నమ్మడు. "పద్నాలుగేండ్ల తెలివిగల్లోనికి సాకులు దొరకయా? అన్నీ అదే తలకాయల కెళ్లి వస్తయి," అనేవాడు. మునుపు ఏడిస్తే అమ్మ దగ్గరకు తీసుకునేది. ఇప్పుడు ఆమె కూడా ఒక క్షణం ఆగి, నిజంగా ఏడుస్తున్నాడా అని చూసేది. వాడికి అది తెలిసింది. తెలివైనవాడు కదా. కొన్నాళ్లకు నొప్పిని చెప్పడం మానేశాడు.

అవ్వ కొత్త తాడు పేనింది. పాతది అరిగిపోయింది, పైగా పరాయి మనిషి విప్పింది. ఇప్పుడు రాత్రీ పగలూ కట్టే ఉండాలన్నారు, అలవాటు త్వరగా వస్తుందని. ఒకరోజు బడి నుంచి వస్తూ బీరయ్య వానలో తడిశాడు. ఒంటి మీద బట్ట మార్చింది అమ్మ. తాడు ఎవరికీ గుర్తు లేదు. పలక దగ్గర కూర్చున్నప్పుడు వాడు ఒకసారి, "బాపూ, చెయ్యి తిమ్మిరెక్కింది," అన్నాడు. చాలా రోజుల తరువాత వాడు తన గురించి చెప్పిన మాట అది. బాపు పలక వైపు చూపించాడు. వాడు మళ్లీ అనలేదు. గొంగడి కప్పుకుని పడుకున్నాడు.

తెల్లవారి అమ్మ గొంగడి తీసి చూసేసరికి మణికట్టు దగ్గర తాడు కనిపించడం లేదు. చర్మం దాని మీదికి పొంగి వచ్చింది. ముడి దొరకలేదు. చెయ్యి నేరేడు పండు రంగులో ఉంది, వేళ్లు అరటికాయల్లా ఉబ్బాయి. అమ్మ ఉన్ని కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చి, ఒక కొసను తాడు కిందికి దూర్చి కోసింది. తాడుతో పాటు కొంత చర్మం కూడా తెగింది. వాడు అరవలేదు. అరవకపోవడం చూసి అమ్మ అరిచింది. అవ్వ నేల మీద పడిన తాడు ముక్కను తీసుకుని రెండు వేళ్లతో నలిపి చూసింది. అది ఇంకా తడిగా ఉంది. కొత్త నూలు నీళ్లు తాగితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికంటే బాగా తెలిసినది ఆమెకే. ఆ రోజు తరువాత ఆమె ఎవరికీ ఆ మాట చెప్పలేదు. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లను అమ్మ దగ్గరికి పంపేది.

నల్గొండ దవాఖానలో డాక్టరు చెయ్యి తీసేయకుండా కాపాడాడు. దాన్ని కాపాడడం అనే అనాలి. పుండు మానేసరికి చలికాలం వచ్చింది. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి, మళ్లీ తెరుచుకోలేదు. ఇక కట్టవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఎండలు ముదిరాక మంద కృష్ణ ఒడ్డుకు కదిలింది; బీరయ్య ముందు నడిచాడు, కర్రను కుడిచేత్తో పట్టుకుని.

మేడం మరుసటి వానాకాలం తిరిగి వచ్చింది. మాట నిలబెట్టుకుంది, నోటితో పరీక్ష తీసుకునేందుకు ఎవరినో ఒప్పించి వచ్చింది. అదే పెట్టె చేతిలో ఉంది. పెద్దసారు సంగతి చెప్పాడు కాబోలు, నేరుగా మా ఇంటికి వచ్చింది. బీరయ్య అప్పుడే మంద తోలుకొచ్చి గడపలో కూర్చున్నాడు. ఆమె వాడి చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది. వాడు చూడనిచ్చాడు. ఆమె బాపు వైపు తిరిగి, "రెండూ నిజమని చెప్పాను కదండీ," అంది. గొంతులో కోపం లేదు.

"చెప్పినవు తల్లీ," అన్నాడు బాపు. "నువ్వు రెండు చెప్పినవు. మాకు పెద్దదే ఇనవడ్డది."

ఆమె పెట్టె తెరవకుండానే వెళ్లిపోయింది. ఆమె పేరు నాకు గుర్తుంది, రాయను. తరువాత ఆమెను చూడలేదు.

ఆ ఏడే బాపు నన్ను నల్గొండలో హాస్టలులో చేర్పించాడు. ఆడపిల్లకు చదువెందుకని చుట్టాలు అడిగితే, "ఒక్కలన్న దొడ్డి దాటాలె," అన్నాడు. బడి అడిగేది నా దగ్గర ఉంది. విన్నది రాయగలను, రాసినది చదవగలను, చెప్పినంత వేగంగా చేయగలను. ఏ పరీక్షలోనూ మొదటి స్థానం రాలేదు, ఏ పరీక్షలోనూ తప్పలేదు. అట్లా లెక్కల ఉపాధ్యాయురాలినయ్యాను. ఏటా పిల్లలకు సగటు నేర్పే పాఠం వస్తుంది. పెద్దసారు చేసిన లెక్కలో తప్పు లేదని ఏటా నాకు నేను ఒప్పుకోవలసి వస్తుంది. పద్నాలుగూ ఆరూ ఇరవై, సగం పది. ఆ పదేళ్ల పిల్లవాడు మాత్రం మా ఇంట్లో ఎన్నడూ లేడు.

ఇప్పటి పరీక్ష వేరు. ఆ యువతి మా ఏడో తరగతి పిల్లవాడికి రెండు పూటలు పరీక్ష చేసి, ఒక్కొక్క శక్తికి ఒక్కొక్క గీత గీసి చూపించింది. గీతలు మా ప్రాంతపు గుట్టల్లా ఎత్తుపల్లాలుగా ఉన్నాయి. చేతిరాత ఎందుకు రావడం లేదో, ఏం చేయవచ్చో, పరీక్షలో ఎక్కువ సమయం అడగడానికి ఎవరిని కలవాలో శాంతంగా వివరించింది. ఆ పిల్లవాడు కూడా ఎడమచేతి వాటమే. ఆ మాట అనడం ఎవరికీ అవసరమనిపించలేదు. నేను అక్కడే ఉన్నాను. అంతా విన్న తల్లి కాగితాన్ని నా వైపు జరిపి, "మీరు లెక్కల టీచరు కదా, మొత్తం మీద ఎంత వచ్చినట్టు చెప్పండి," అంది. తండ్రి భార్య మాటకు అడ్డు వచ్చి, పైగీత మీద వేలు పెట్టి, కొడుకుతో, "చూశావా, ఇంత ఉంది నీకు. ఇక నుంచి సాకులు చెప్పకు," అన్నాడు, నవ్వుతూనే. పిల్లవాడు కూడా నవ్వాడు. నేను తల్లిదండ్రులిద్దరినీ కూర్చోబెట్టి, చాలాసేపు మాట్లాడాను. విన్నారనే అనుకుంటున్నాను. తల ఊపడం వినడం కాదని నా వృత్తిలో రోజూ తెలుస్తూనే ఉంటుంది.

సెలవుల్లో వడ్రంగికి కొలతలిచ్చి పదహారు ఘనాలు చేయించాను, పిల్లలకు పనికొస్తాయని. రంగులు నేనే వేశాను. చివరి బొమ్మ నాకు గుర్తుండడం విచిత్రమేమీ కాదు. రంగు ఆరుతున్న రోజుల్లో బీరయ్య దవాఖాన పని మీద వచ్చాడు. బాపూ అవ్వా అమ్మా పోయి చాలాకాలమైంది; మంద ఇప్పుడు వాడిదే. ఎప్పటిలాగే కుర్చీలో కూర్చోకుండా గడప మీద కూర్చుని, ఎడమచేతిని భుజం మీది తువ్వాలు కింద పెట్టుకుని చాయ తాగాడు. నేను ఘనాలను వాడి ముందు నేల మీద పెట్టి, బొమ్మ గీసిన కాగితం చూపించాను. ఎందుకు చూపించానో సరిగ్గా చెప్పలేను. వాడు వాటిని ముట్టుకోలేదు. కాసేపు చూసి, గ్లాసు కింద పెట్టి, చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎర్రటియి నాలుగు నడిమిట్ల వెట్టు. ఆ. ఇగ మూలలకు సగం సగమున్నయి… గట్ల కాదక్కా, తిప్పు. ఎరుపు నీ దిక్కు రావాలె. ఇంకొక్కపారి తిప్పు. ఆ, గట్ల."

వాడు చెప్పినట్టు పెడుతూ పోయాను. ఒక్కచోట కూడా వాడు వెనక్కి తీసుకోలేదు, తడబడినది నేనే. చివరి ఘనం పెట్టాక బొమ్మ కుదిరింది. కాగితంతో పోల్చి చూసుకున్నాను, అలవాటు కొద్దీ. వాడు బొమ్మను చూడడం లేదు. అంచులు సరిచేస్తున్న నా వేళ్లను చూస్తున్నాడు.

"నీ చెయ్యి మంచిగ తిరుగుతదక్కా," అన్నాడు.